షార్క్ అంటే మన సొరే!

ఇంగ్లిషు నేర్చుకునే చిన్నారులకు సముద్ర జీవుల పేర్లు చెప్పాలా? అయితే ఓ తెల్లవారుజామున విశాఖ చేపలరేవుకు తీసుకెళ్లండి. బోట్లు దిగాక అక్కడ గంపల నిండా పాఠాలే!

బొమ్మల పుస్తకంలో షార్క్... ఇక్కడ సొర. క్రాబ్ అంటే పీత, ప్రాన్ అంటే రొయ్య. సీర్ ఫిష్‌ని విశాఖలో కోనాం అంటారు, చాలాచోట్ల వంజరం.

ఏటా జనవరి దాటాక ఈ తీరంలో ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెడతాయి. మనకు అన్నీ తాబేళ్లే. ఇంగ్లిషులో మాత్రం కడలిలో ఉంటే టర్టిల్, నేలమీద తిరిగితే టార్టాయిస్. ఆ ఇంగ్లిషే వెన్నెముక లేని స్టార్‌ఫిష్, జెల్లీఫిష్‌లనూ చేపలనేస్తుంది!

అందుకే రెండు పేర్లూ కలిపే నేర్పండి. షార్క్ బడిలో మార్కులు తెస్తుంది. సొర అన్న మాట తెలిస్తేనే పిల్లలు చేపలమ్మే అవ్వతో నాలుగు కబుర్లు చెప్పగలరు.