బట్టీ విద్య కాదు మాష్టారూ!

కందపద్యం రాయబోయి గణాల దగ్గర చతికిలబడ్డవాళ్లు మన కాలేజీలో కొందరైనా ఉండకపోరు. నాలుగు మాత్రల గణాలెన్ని? గగ, భ, జ, స, నల – అయిదు. అయిదు మాత్రలయితే ఎనిమిది. మరి ముప్పై మాత్రలను లఘుగురువులతో ఎన్ని విధాల నింపొచ్చు? ఈ ప్రశ్నను నేను కంప్యూటరు ముందు పెట్టాను.

సూత్రం చిన్నదే. చివర లఘువుంటే ముందు మిగిలేవి 29 మాత్రలు, గురువుంటే 28. ఆ రెంటి జవాబులూ కలిపితే సరి. 12వ శతాబ్దంలోనే హేమచంద్రుడు ఈ మాట చెప్పాడు. ఫిబొనాచీ పుస్తకం వచ్చింది 1202లో. పేరు మాత్రం ఆయనకే దక్కింది, మన ప్రాప్తం!

ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు ఫంక్షనుగా రాస్తే పాపం అది చాకిరీతో చస్తుంది. 30 కోసం 28ని లెక్కిస్తుంది. 29 కోసం అదే 28ని మళ్లీ మొదట్నుంచీ లెక్కిస్తుంది. జవాబు 13,46,269. అందుకోసం ఫంక్షనును పిలవాల్సింది 26,92,537 సార్లు! వచ్చిన ప్రతి జవాబునూ ఒక పట్టీలో రాసిపెట్టుకోమంటే, సున్నా నుంచి ముప్పై దాకా 31 లెక్కలతో తేలిపోతుంది. ఎడిన్‌బరోలో పనిచేసిన డోనాల్డ్ మిచీ 1968లో 'నేచర్' పత్రికలో వీటిని 'మెమో' ఫంక్షన్లన్నాడు. అందులోంచి వచ్చిందే మెమోయిజేషన్. (సంపాదకులకు మనవి: మధ్యలో 'ర' లేకపోవడం అచ్చుతప్పు కాదు.)

ఇదంతా చెబితే మా తెలుగు మాష్టారు నవ్వేశారు. "కొత్త విద్యంటావేమిట్రా? ఎక్కాలు బట్టీ పట్టించింది ఇందుకే కదా!"

"కాదండీ మాష్టారూ, ఎక్కాలు అవసరమున్నా లేకపోయినా ముందే నేర్పేస్తారు. ఇది అడిగినదాన్నే, అడిగినప్పుడే లెక్కగట్టి దాచుకుంటుంది" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు లెండి.

అయితే దాచుకోవడానికో షరతుంది. ఒకే ప్రశ్నకు ఎప్పుడడిగినా ఒకే జవాబు రావాలి. హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషల్లో మామూలు ఫంక్షను అలాంటిదే. ఇచ్చిన విలువలు తప్ప బయటి గొడవ దానికి పట్టదు. అందుకే అక్కడ ఈ పద్ధతిని ధీమాగా వాడుకోవచ్చు. ఇంటినుంచి అమ్మ ఫోన్ చేసి "భోంచేశావా నాన్నా?" అని అడుగుతుంది చూడండి, దానికి మాత్రం పనికిరాదు. మెస్సు మూసేసిన ఆదివారం రాత్రి నిన్నటి జవాబు తీసి చెబితే అది శుద్ధ అబద్ధం. ప్రశ్నలోనే తేదీ కూడా చేర్చితే నిజం నిలుస్తుంది. కానీ అప్పుడు రోజుకో కొత్త ప్రశ్న, పట్టీ పెరుగుతూ పోతుంది, మళ్లీ ఎవరూ అడగని పాత జవాబులతో మెమరీ నిండుతుంది. పైగా తేదీ ఒక్కటే చాలదు, పూట కూడా చేర్చాలి.