వైనతేయ వెంట: గ్యాస్ పోయిన దారి, మనుషులు పోయిన దారి

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి ఇంకో పాయ విడివడి వైనతేయ అవుతుంది. ఈ పాయల మధ్యదే కోనసీమ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడికి నీరెలా వచ్చిందో, వరీ కొబ్బరీ ఎలా పెరిగాయో అందరూ రాశారు. నేను నీటితోపాటు కిందికి దిగుతూ మరో రెండు ప్రయాణాల సంగతి చెప్పాలి. ఈ నేల కింది గ్యాస్ గొట్టాల్లో పడి ఊరు దాటిపోతుంది. ఈ నేల మీది ఆడామగా, నూనె బావులున్న దేశాలకు పనికి పోతున్నారు.

రావులపాలెం అరటి గెలల మార్కెట్ దాటి కాస్త లోపలికెళ్తే దేవరపల్లి. 445 మెగావాట్ల కోనసీమ గ్యాస్ పవర్ ప్లాంటు అక్కడే కట్టారు. 2009 ఏప్రిల్‌లో సముద్రంలోని డి6 బావులు మొదలైనప్పుడు రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుందని అంచనా. ఆ అంకె ఏనాడూ అందలేదు. 2010లో 6 కోట్ల దాకా వచ్చి, 2013 చివరికల్లా అందులో నాలుగో వంతుకు పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి జిల్లాల్లో ఒకదాని వెంట ఒకటిగా కట్టిన ప్లాంట్లు గ్యాస్ లేక ఆగిపోయాయి. బావి చేతికి రాకముందే దాని మీద వేల కోట్ల అప్పు చేసిన నిర్ణయం తప్పే. ఆ నిర్ణయం చేసినవాళ్ళెవరూ కోనసీమలో ఉండరు.

కొత్తపేట మీదుగా గన్నవరం చేరితే, వైనతేయ మీద అక్విడక్టు కనిపిస్తుంది. నది పైనుంచి కాలువ దాటి రాజోలు దీవి చేలకు నీరు పోతుంది. కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చిన పడవ ప్రయాణికులకు ఏ వేళైనా అన్నం పెట్టిన తల్లి ఆవిడ.

అలా అన్నం దొరికిన సీమ నుంచి జనం వలస పోవడం కొత్త సంగతి కాదు. కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్ళిన తెలుగు కూలీలను బర్మావాళ్ళు ‘కోరంగీ’లనే పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే, ఆ చోట బర్మా కూలీలను పెట్టి, సమ్మె తీరగానే వాళ్ళను తీసేశారు. దాంతో రేగిన గొడవల్లో ఎందరో తెలుగువాళ్ళు చచ్చిపోయారు. 1942లో జపాను సేనలు దిగినప్పుడు అడవుల్లో నడిచి ఇంటిదారి పట్టినవాళ్ళూ ఉన్నారు. 1970ల్లో నూనె ధర పెరిగాక దారి పడమటికి, నూనె బావులున్న దేశాల వైపు తిరిగింది.

ఇక రాజోలు దీవి. 1980ల మొదట్లో రాజోలు బావిలో గ్యాస్ పడింది. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ 2001లో మొదలైంది. పక్కనే నగరం. 2014 జూన్ 27న తెల్లవారుజామున, తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ ప్లాంటుకు గ్యాస్ తీసుకెళ్ళే గెయిల్ 18 అంగుళాల గొట్టం నగరంలో పగిలింది. గ్యాస్ ఊరంతా పరుచుకున్నాక నిప్పంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్ళు ఇళ్ళలోనే కాలిపోయారు. ఇరవై మందికి పైగా పోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీరూ కండెన్సేటూ కలిసిన తడి గ్యాస్ పంపడంతో లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. కరెంటు కొండపల్లిలో పుట్టింది, చావు నగరంలో జరిగింది.

నగరం నుంచి వైనతేయ ఒడ్డుకు వస్తే పాశర్లపూడి. 1995 జనవరి 8న ఇక్కడి 19వ నంబరు బావి పేలింది. మంట ఆరింది మార్చి 15న. 65 రోజులు కోనసీమకు రాత్రి లేదు. చుట్టుపక్కల ఊళ్ళను ఖాళీ చేయించారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. అంతకు నాలుగేళ్ళ ముందు, 1991లో, కువైట్‌లో 600కు పైగా నూనె బావులు తగలబడ్డాయి. ఇరాక్ సేనలు అంటించిన ఆ మంటలు ఆరడానికి నవంబరు దాకా పట్టింది. అంతకు ముందటి ఏడాది, ఇరాక్ దాడి చేసినప్పుడు, కువైట్ చుట్టుపక్కల చిక్కుకున్న లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు. కువైట్ బాగుపడగానే మనవాళ్ళు మళ్ళీ వెళ్ళారు.

ఇప్పుడు రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధికెళ్ళి అడిగినా వినబడే మాట ఒకటే: “అమ్మ కువైటెళ్ళిందండి.” ఖద్దామా వీసా మీద వెళ్తారు, అంటే ఇంటిపని. మగవాళ్ళయితే హౌస్ డ్రైవరు. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక రైతులే క్రాప్ హాలిడే ప్రకటించిన సీమలో, కూలికెళ్ళే ఆడమనిషికి పిల్లల చదువుకో ఇంటి అప్పుకో ఇంకో దారి ఏముంది? పాస్‌పోర్టు సేఠ్ దగ్గర, అంటే ఇంటి యజమాని దగ్గర ఉంటుంది. అకామా, అంటే అక్కడ ఉండేందుకు అనుమతి, ఆయన చేతిలోది. ఆ ఇంట్లో ఉండలేక బయటికొస్తే, పారిపోయిందని కేసు. ఆ పైన ఎంబసీ షెల్టరు, ఇంటికి పంపే అవుట్‌పాస్ కాగితం. కువైట్ 2015లో చేసిన ఇంటిపనివారి చట్టంలో రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదనీ, వారానికొక సెలవు ఇవ్వాలనీ ఉంది. తలుపు మూసిన ఇంట్లో ఆ చట్టాన్ని ఎవరు అడుగుతారు? మన ప్రభుత్వం ముప్పై ఏళ్ళ లోపు ఆడవాళ్ళకు ఈ పనికి అనుమతి ఇవ్వదు, 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలంది. ఆ నిబంధన ఆడవాళ్ళ వలసను ఆపలేదు. విజిట్ వీసా చేతికిచ్చి వేరే దేశం మీదుగా దాటించే ఏజెంట్లకు బేరం పెంచింది. ఇంకా నిషేధాలు పెట్టేకన్నా, వెళ్ళేవాళ్ళకు రాజోలులోనే ఒక ఆఫీసు, ఒప్పందం చదివి చెప్పే మనిషి, ఆపదలో ఫోనెత్తే నంబరు ఇవ్వడం మేలు.

బోడసకుర్రు వంతెన దాటి కిందికి పోతే వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడే ఓఎన్‌జీసీ టెర్మినల్. 2024 జనవరిలో లోతు సముద్రపు 98/2 బ్లాకులో చమురు మొదలైంది. అక్కడి గ్యాస్ చేరేది ఈ ఒడ్డుకే. నేల మీది బావికి రాయల్టీ రాష్ట్రానిది, సముద్రపు బావికి కేంద్రానిది. కోనసీమ జిల్లాకంటూ రెంటిలోనూ వాటా లేదు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్లు పెట్టారు. బొగ్గు తవ్వే సింగరేణి జిల్లాలకు ఆ నిధి వెళ్తుంది. చమురూ గ్యాసూ ఆ చట్టంలో లేవు. అందుకే మన గ్యాస్ మీద జిల్లాకు ఆ నిధి రాదు. శంకరగుప్తం డ్రెయిన్‌లో ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడువారితే, రైతు అర్జీ పట్టుకుని తిరగాల్సిందే.

మన ఆడపడుచులు అంట్లు తోమే కువైట్ 1976లోనే ఒక చట్టం చేసి, ప్రభుత్వ ఆదాయంలో పదో వంతు రాబోయే తరాల పేర పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నార్వే 1990లో అలాంటి నిధికే చట్టం చేసింది. కోనసీమ గ్యాస్ ఎప్పటికీ ఉండేది కాదు, డి6 చూపించింది. అది అయిపోకముందే జిల్లాకు ఒక నిధి కావాలి. గొట్టాల తనిఖీ, డ్రెయిన్లకు అడ్డుకట్టలు, కువైట్ వెళ్ళే అమ్మకు ముందు శిక్షణ, తిరిగొచ్చిన అమ్మకు పని అందులోంచి రావాలి. అమలాపురం ఎంపీనీ, రాజోలు, కొత్తపేట ఎమ్మెల్యేలనూ ఈ మాట అడగండి. ఈసారి ఓటుకొచ్చినప్పుడు మరీ గట్టిగా అడగండి.