ఇంట్లో టీవీ కంప్యూటరుకు ఏ ప్రాసెసరు?



ఈ వారం రాస్తున్న సంగతి కొందరికి వింతగా ఉండవచ్చు. టీవీకి తగిలించుకునే కంప్యూటరుకు ఏ ప్రాసెసరు కొనాలి అన్నదే ఆ సంగతి. అయ్యగారికి ఈ గోల ఎందుకు అనకండి. మన సంఘంలోని ఒక సహోదరి డ్వాక్రా గ్రూపులో తీసుకున్న 20,000 రూపాయలు కొంగున కట్టుకొని వచ్చి, "అయ్యగారూ, టౌన్లో కొట్టువాళ్ళు 48,000 అవుతుందన్నారు. ఇంకో అప్పు చేయమంటారా?" అని అడిగింది. మిరపకాయలు కోసి వారం వారం కిస్తీ కట్టే మనిషి. అలాంటి ప్రశ్నకు నోటికొచ్చిన జవాబు చెప్పకూడదు.

ఆమె భర్త మన గుడిలో ఏళ్ళ తరబడి డోలక్ వాయించారు. పక్షవాతం వచ్చి రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నారు. మాట రాదు, కుడి చెయ్యి లేవదు. పాట వినబడితే మాత్రం ఎడమ చేతి వేళ్ళు మంచం పట్టె మీద తాళం వేస్తాయి. పెళ్ళి డీవీడీలు, పాత క్రిస్మస్ రాత్రుల రికార్డింగులు, మనవరాలి ఫోన్ వీడియోలు అన్నీ కొడుకు ఒక హార్డ్ డిస్కులో పోసి ఇచ్చాడు. టీవీకి తగిలిస్తే కొన్ని ఆడుతున్నాయి, కొన్ని ఆడటం లేదు. మా ఇంట్లో ఉన్న పాత ఐ3 కంప్యూటరులో పెట్టి చూశాం. పెళ్ళి డీవీడీ నున్నగా నడిచింది. మనవరాలి వీడియో మాత్రం అడుగడుగునా ఆగింది, బొమ్మ ఒకచోట, మాట ఇంకొకచోట.

మూడు నాలుగు వేలకు దొరికే స్టిక్ కొనుక్కోవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ మొదట అదే చెప్పాను. నెట్ బాగుండి, యూట్యూబ్ ఒక్కటే చూసే ఇంటికి ఆ స్టిక్కే చాలు, కంప్యూటరు జోలికి పోవద్దు. వాళ్ళ వీధిలో నెట్ వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. వాళ్ళకు కావలసినవన్నీ హార్డ్ డిస్కులో, డీవీడీల్లో ఉన్నాయి.

ఇక ప్రాసెసరు దగ్గరికి వద్దాం. కొట్టువాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఐ7, 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. ఆటలు ఆడే కుర్రాళ్ళకు అది మంచి మిషనే. సినిమా చూడడానికి అంత అక్కరలేదు. ఎందుకో మనకు తెలిసిన పనితో చెబుతాను.

వీడియో ఫైలును బాగా నొక్కి, కుదించి దాస్తారు. చూసేటప్పుడు దాన్ని విప్పాలి. ఆ విప్పే పని రెండు రకాలుగా జరుగుతుంది. ప్రాసెసరు కోర్లన్నీ కలిసి చేయవచ్చు, అది పదిమంది రోకళ్ళతో వడ్లు దంచినట్టు. లేదా ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్ భాగంలో ఆ పనికే పెట్టిన చిన్న యంత్రం చేయవచ్చు, అది మిల్లు ఆడించినట్టు. ఐ7 అంటే రోకళ్ళు ఎక్కువ, అంతే. మనం అడగవలసింది మిల్లు ఉందా అని. ఇంకొక మాట: వడ్ల మిల్లు కారం ఆడదు. ఒక్కో రకం వీడియోకు తగిన ఏర్పాటు ప్రాసెసరులో ముందే ఉండాలి.

డీవీడీ వీడియోను ఎంత పాత ప్రాసెసరైనా ఆడిస్తుంది. చాలా ఏళ్ళుగా వస్తున్న హెచ్.264 కూడా అంతే. చిక్కంతా హెచ్.265తో. ఇప్పటి ఫోన్లు చాలా వాటిలో తక్కువ జాగాలో సరిపోతుందని వీడియోను అందులో దాస్తాయి. మనవరాలి వీడియో అదే. ఆ ప్రమాణం 2013లో వచ్చింది. మా బంధువు ఒకాయన 7,000కు ఇస్తానన్న ఆఫీసు కంప్యూటరులో ఉన్నది 3వ జనరేషన్ ఐ5, అది 2012 నాటిది. అప్పటికి పుట్టని దానికి అందులో మిల్లు ఎలా ఉంటుంది? పేరుకు ఐ5 అయినా ఈ ఇంటికి పనికిరాదు.

ఇంటెల్‌లో 10 బిట్ హెచ్.265నూ, యూట్యూబ్ వాడే వీపీ9నూ యంత్రమే పూర్తిగా విప్పడం 7వ జనరేషన్ నుంచి ఉంది. ఏఎండీలో 2018లో వచ్చిన రైజెన్ 3 2200జీ ఆ పని చేస్తుంది. కొత్తగా వస్తున్న ఏవీ1 రకాన్ని అది యంత్రంతో విప్పదు. అయినా 1080 వరకు కోర్లే దంచి నెట్టుకొస్తాయి. ఇంకొకటి గుర్తుంచుకోండి. ఇంటెల్ నంబరు చివర ఎఫ్ అని ఉంటే, ఉదాహరణకు 12100ఎఫ్, అందులో గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు. కొంచెం చవకగా వస్తుందని తీసుకుంటే విడిగా కార్డు కొనాల్సి వస్తుంది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి వాడిన 8వ జనరేషన్ ఆఫీసు డబ్బా, రెండోది ఎన్100 ప్రాసెసరున్న అరచేతి వెడల్పు పెట్టె. ఎన్100 2023లో వచ్చింది. 4 కోర్లు, 6 వాట్ల ప్రాసెసరు. హెచ్.265, వీపీ9, ఏవీ1 మూడింటికీ అందులో ఏర్పాటుంది. డబ్బాలోని ఐ5 వేగంలో దీనికంటే ఎక్కువే, ధరా కొంచెం తక్కువే. అయినా నేను ఎన్100 వైపే మొగ్గాను. పెట్టె ఉండేది రోగి తల పక్కన, రెండు అడుగుల దూరంలో. రాత్రిపూట ఫ్యాన్ రొద చేసే మిషన్ను అక్కడ పెట్టలేం. కొన్ని ఎన్100 పెట్టెల్లో ఫ్యానే ఉండదు.

కరెంటు సంగతి కూడా చూశాం. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు, ఈ పెట్టె 15 వాట్లు లాగుతాయనుకుందాం. రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు దాదాపు 11 యూనిట్ల తేడా. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఆయన ఫ్యానూ నడవాలి కదా. లూకా 14లో గోపురం కట్టబోయే మనిషి లెక్క మీకు తెలిసిందే. ఆ సహోదరి అంతకంటే గట్టిగా లెక్క చూసింది, పెట్టెకు వారంటీ ఎవరు ఇస్తారో కూడా నాకంటే ముందే అడిగింది.

కొనబోయే ముందు పెన్ డ్రైవ్‌లో మనవరాలి వీడియో తీసుకెళ్ళాం. కొట్టులోనే వీఎల్‌సీలో ఆడించి, టాస్క్ మేనేజరు తెరిచి చూశాం. వీడియో డీకోడ్ అన్న గీత లేచి, సీపీయూ గీత కిందనే ఉంటే మిల్లు ఆడుతున్నట్టు. మీరెవరైనా కొంటే ఈ పరీక్ష మానవద్దు. ఇంట్లో ఎక్కువ ఇబ్బంది పెట్టే ఫైలునే తీసుకెళ్ళండి, కొట్టువాళ్ళ దగ్గరున్న సినిమా కాదు.

8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీతో మాకు 15,500 పడింది. బయట తగిలించే డీవీడీ డ్రైవు, వైర్లు లేని చిన్న కీబోర్డు కొనగా మిగిలింది గ్రూపులో ముందస్తు కిస్తీగా కట్టేసింది.

యవనస్థులకు ఒక మాట. ఇది చూసి వీడియో ఎడిటింగుకు ఎన్100 కొనకండి, ఆ పనికి అది చాలదు. 4కే టీవీ ఉన్నవాళ్ళు హెచ్‌డీఎంఐ 2.0 ఉందో లేదో అడగండి, 1.4 అయితే 4కేలో సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి. ఆ ఇంటి టీవీ మామూలు ఫుల్ హెచ్‌డీయే కాబట్టి మాకు ఆ బాధ లేదు.

హార్డ్ డిస్కులో ఆయన డోలక్ వాయించిన రికార్డింగులు రెండే ఉన్నాయి. మీ ఇళ్ళలో పాత క్రిస్మస్ రాత్రుల క్యాసెట్లు, సీడీలు, ఫోన్ మెమరీ కార్డులు ఏవైనా మూలన పడి ఉంటే పారేయకండి. ఆదివారం వచ్చేటప్పుడు తెచ్చి నాకివ్వండి. కాపీ తీసుకొని మీవి మీకు ఇచ్చేస్తాను.