అనుమానానికీ నిర్ధారణకూ నడుమ

ఇంగ్లీషు వైద్య నివేదికలలో ‘సస్పిషస్’ అనే మాట తరచు కనిపిస్తుంది. నిఘంటువు ‘అనుమానాస్పదం’ అంటుంది. అంతవరకు చిక్కు లేదు. కాని, రొమ్ములో గడ్డ ఉన్నదని పరీక్షకు వెళ్లి వచ్చిన స్త్రీ ఇంట ఆ మాట అనుమానంగా నిలవదు. తెల్లవారేసరికి తీర్పుగా మారిపోతుంది.

సూరత్‌లో లింబాయత్, ఉధ్‌నా ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలంగాణాలో చేనేత చితికిపోగా మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలే వారిలో అధికం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, డాక్టరు నోట గుజరాతీ, కాగితం మీద ఇంగ్లీషు. అనువాదాలతో కాలం గడిపే నా వద్దకు అలాంటి కాగితాలు వస్తూనే ఉంటాయి.

ఆ మధ్య ఒక నేతకార్మికుని భార్య మామోగ్రఫీ, సోనోగ్రఫీ నివేదికలు తెచ్చి, “అక్కా, గిండ్ల ఏం రాసిండ్రు? కాన్సరేనా?” అని అడిగింది. డాక్టరు ‘గాంఠ్’ అన్నాడట. గుజరాతీలో దారానికి పడిన ముడీ గాంఠే, ఒంట్లో లేచిన గడ్డా గాంఠే. నివేదిక చివర ‘బైరాడ్స్ 4-బి’ అని ఉన్నది. నాలుగు అంటే నాలుగవ దశ అని ఇంట్లో అప్పటికే అనుకున్నారు. సూది గుచ్చితే రోగం ఒళ్లంతా పాకుతుందని ఎవరో చెప్పగా, ముక్క పరీక్ష వద్దని, స్వగ్రామానికి తీసుకుపోదామని భర్త నిశ్చయించాడు.

ఈ అంకెలు రోగదశలు కావు. అమెరికన్ రేడియాలజీ కళాశాల 1993లో వెలువరించిన పద్ధతి ఇది. చిత్రం చూచిన వైద్యుని అనుమానం ఎంత గట్టిదో అంకె చెబుతుంది. 3 అయితే కాన్సరు అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు. 4లో అది రెండు మొదలు తొంభైఅయిదు వరకు ఉంటుంది. అంత విశాలమైన అనుమానం గనుకనే దానిని ఎ, బి, సి లుగా విడదీశారు. 4-బి అంటే పది నుంచి యాభై లోపు. ‘సస్పిషస్’ అనే ఒక్క మాటలో ఇంత వ్యత్యాసం ఇమిడి ఉన్నదని ఏ నిఘంటువు చెబుతుంది?

చిత్రాన్ని కణజాలంతో సరిపోల్చడం ఈ శాస్త్రానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. 1913లో బెర్లినులో ఆల్బర్ట్ సాలొమన్ అనే శస్త్రవైద్యుడు, శస్త్రచికిత్సలో తొలగించిన మూడువేల రొమ్ములకు ఎక్స్‌రే తీసి, ఆ నీడలను అసలు గడ్డలతో పోల్చి చూచాడు. (1943లో ఆష్‌విట్జ్‌లో హతురాలైన చిత్రకారిణి షార్లెట్ సాలొమన్ ఆయన కుమార్తె.) నీడ రెండు విధాల మోసగించగలదు. కణజాలం దట్టంగా ఉన్న రొమ్ము ఎక్స్‌రేలో తెల్లగా పడుతుంది. కాన్సరు గడ్డా తెల్లగానే పడుతుంది. అందుచేత చిత్రం బాగున్నదన్నంత మాత్రాన చేతికి తగిలే గడ్డను ఉపేక్షించరాదు. మరోవైపు క్షయ, దెబ్బ తగిలి చెడిన కొవ్వు వంటివి కాన్సరులాగే కనిపిస్తాయి.

అందుకే సూది. ఆ చోటు మొద్దుబారేలా మందిచ్చి, బోలు సూదితో సన్నని ముక్కలు తీసి, మైనంలో పోతపోసి, పలుచగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. దానివల్ల రోగం ముదురుతుందనడానికి ఆధారం లేదు. ఇదంతా ఆమె భర్తకు రెండు సాయంత్రాలు చెప్పవలసి వచ్చింది. చివరకు, “నూలు నాణ్యం దూరం నుంచి చూసి చెప్తమా? పోగు పట్టి చూస్తం” అని తనే అన్నాడు.

వారం దాటాక ఫలితం వచ్చింది. కాన్సరు కణాలు లేవు. ఉన్నవి క్షయ లక్షణాలు. అయినా డాక్టరు అక్కడితో ఊరుకోలేదట. ఫిల్ము మళ్లీ వెలుతురులో పెట్టి, అంచులు చెదిరిన ఆ నీడ క్షయవల్ల ఏర్పడగలదా అని చూచి, కలదు అని తేల్చుకొన్న తరువాతనే మందు వ్రాశాడు. చిత్రం గట్టిగా అనుమానించి, ముక్కలో ఏమీ లేదని వచ్చినట్లయితే మళ్లీ ముక్క తీయవలసి వచ్చేదట. సూది గురి తప్పి పక్క కణజాలాన్ని తెచ్చి ఉండవచ్చు. మంచి కబురును కూడా ఇలా ప్రశ్నించే వైద్యుని మీద నాకు గౌరవం పెరిగింది.

ఆరు నెలలు మాత్రలు మింగాలన్నారు. ఆమె ముఖం తేటపడింది గాని, వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.

“అక్కా, టీబీ అని మా అత్తమ్మకు ఎట్ల చెప్పాలె?”