టిక్కు టిక్కు

నావి పాపిష్టి చెవులు. కుక్కరు మూడో కూత కూసిందో నాలుగోది కూసిందో వీధి గుమ్మంలో నిలబడి చెప్పగలను. కుట్టుమిషనులో నూనె ఆరిపోతే దారం తెగకముందే నాకు తెలిసిపోతుంది. "ఎందుకొచ్చిన చెవులే నీకు!" అని మావారు విసుక్కుంటూ ఉంటారు.

1985 వానాకాలంలో, మేం విజయవాడలో ఉండగా, మా ఫియట్ కారు టిక్కుమంది. అప్పటికే దాని పేరు ప్రీమియర్ పద్మిని అయినా, మనందరికీ అది ఫియట్టే కదా! మాది మూడు చేతులు మారి వచ్చిన బండి. పొద్దున్నే పిల్లల్ని బడికి దింపడానికి స్టార్టు చెయ్యగానే బానెట్టు కింద టిక్, టిక్, టిక్... గోడగడియారానికి పూనకం వచ్చినట్టు. ఆక్సిలేటరు తొక్కితే ఆ టిక్కులూ జోరందుకునేవి.

"ఏమండీ, లోపలేదో కొట్టుకుంటోంది."

"దాని వయసుకి ఆ మాత్రం సణుగుడు ఉంటుందిలే" అన్నారు. ఆ సణుగుడన్న మాట బండిని ఒక్కదాన్నే అన్నది కాదని నాకు తెలుసు.

వారం పోరితే షెడ్డుకి తీసుకెళ్ళారు. తీరా అక్కడికి వెళ్ళేసరికి చప్పుడు లేదు! పిల్లాడి జ్వరం డాక్టరు గుమ్మం ఎక్కగానే దిగిపోదూ, అలాగన్నమాట. వాళ్ళు నావైపు జాలిగా చూసి, "ట్యాపెట్ సౌండయి ఉంటుంది సార్, బిగించేస్తాం" అన్నారు. బిగించారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ టిక్కు. రెండోసారి వెళితే "ఇంజను దింపాల్సిందే" అని ఓ అంకె చెప్పారు. పెద్దపిల్ల కాలేజీ ఫీజుకని పోస్టాఫీసులో దాచినదంతా దానికే సరిపోతుంది!

అప్పుడు నాకు పంతం వచ్చింది. పాలలెక్క పుస్తకం చివరి పేజీలో రాయడం మొదలుపెట్టాను. పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వస్తోంది. కాలవ వంతెన ఎక్కేటప్పుడు మరీ గట్టిగా. పది నిమిషాలకి మాయం. బండి వేడిగా ఉంటే అసలే లేదు. ఆ పక్కనే, ఎందుకు రాశానో గానీ, "చిన్నాడికి మళ్ళీ తలనొప్పి, వికారం" అని కూడా రాశాను. బడి దగ్గర దిగేసరికి వాడికి రోజూ ఇదే గోల. ఇడ్లీ సరిగా తినకపోతే తలనొప్పి రాదూ అని నేను వాణ్ణే కేకలేసేదాన్ని.

ఎవరో చెబితే ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. అందరూ "ఏం చప్పుడు?" అని అడిగినవాళ్ళే. "ఎప్పుడొస్తుందమ్మా?" అని అడిగినవాడు ఇతనొక్కడే. పుస్తకం చదివి వినిపిస్తే చివరిదాకా విని, "రాత్రికి బండి ఇక్కడే ఉంచి పొద్దున్నే రండి, చల్లగా ఉండగా వింటాను" అన్నాడు.

మర్నాడు ఆరింటికల్లా వెళ్ళాం. ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసని ఇంజను చుట్టూ తిప్పాడు, అచ్చం డాక్టరులాగే. పైన విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. పక్కకి తెచ్చి ఆగాడు. "మీరూ వినండమ్మా" అని గొట్టం నాకిచ్చాడు. ఇనుము కొట్టుకునే చప్పుడు కాదది. ఫుట్ ఫుట్‌మని ఎవరో ఊదుతున్నట్టుంది.

ఇంజనులోంచి పొగ బయటికొచ్చే చోట మానిఫోల్డని ఒకటుంటుంది. దానికీ ఇంజనుకీ మధ్య ఉండే గాస్కెట్టు ఒకచోట కాలిపోయింది. బిగించే స్టడ్డు ఒకటి విరిగింది. అక్కడంతా నల్లటి మసి. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారి తెరుచుకుంటుందట, ఒక్కో సిలిండరు పొగ వదిలేదీ ఆ లెక్కనేనట. అందుకే రెండు చప్పుళ్ళకీ తాళం ఒకటే. ఇనుము వేడెక్కి వ్యాకోచిస్తే సందు మూసుకుపోతుంది, చప్పుడు ఆగిపోతుంది. హమ్మయ్య, నా చెవులు అబద్ధం చెప్పలేదు!

ఆ సంబరం నిమిషం నిలవలేదు. "వానకి అద్దాలు బిగించుకుని తిరుగుతున్నారా?" అని అడిగాడు మేస్త్రీ. "ఈ పొగ లోపలికి వస్తే మంచిది కాదమ్మా. అందులో ఒక గ్యాసుంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. ముందు తలనొప్పి, ఆ తర్వాత మగత. అలాగే ప్రాణాలు పోయినవాళ్ళున్నారు."

కార్బన్ మోనాక్సైడన్న పేరు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం పాలలెక్క పుస్తకంలోని ఆ చివరి మాటలే కళ్ళముందు కదిలాయి. నోట మాట రాలేదు. కారులో పొగవాసన కాస్త వస్తూనే ఉండేది, పాతబండి కదా అని ఊరుకున్నాం. ఇడ్లీల గురించి కేకలేసిన నా గొంతు నాకే వినిపించింది. రిపేరయ్యాక చిన్నాడు మళ్ళీ తలనొప్పి అనలేదు. అది ఆ పొగవల్లే వచ్చిందని ప్రమాణం చెయ్యలేను, ఈలోగా వానలూ తగ్గాయి.

విరిగిన స్టడ్డు తీసి కొత్తది వేసి, కొత్త గాస్కెట్టు పెట్టేసరికి మధ్యాహ్నమైంది. వాళ్ళడిగిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు ఖర్చు. ఊరికే చూద్దామని పైమూత కూడా విప్పి, "అయ్యో, వీటి గొంతు నులిమేశారే!" అన్నాడు మేస్త్రీ. ఎనిమిది వాల్వులకీ సన్నటి రేకుల గేజీ దూర్చి, తగినంత సందు ఉండేలా ట్యాపెట్లన్నీ సరిచేశాడు.

స్టార్టు చేస్తే సన్నగా, గాజులు కదిలినట్టు ఒక చప్పుడు.

"ఇంకా ఏదో వస్తోందే?" అన్నారు మావారు.

"రానివ్వండి సార్" అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ. "కాస్త చప్పుడు చేసే ట్యాపెట్టుతో భయం లేదు. చప్పుడు చెయ్యకుండా బిగించేశారనుకోండి, వేడికి వాల్వు సరిగా మూసుకోక లోలోపలే కాలిపోతుంది."

మావారు నావైపు ఒకసారి చూసి, చటుక్కున గేరు వేశారు. దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాత్రం ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాను, నాలుగద్దాలూ దింపేసి.