పిడికిలి

మన భాషలో ‘పిడికిలి’ యను మాట ఆడుదాని చేతికి మిక్కిలి చేరువైనది. ఎసటిలో పోయుటకు పిడికెడు బియ్యము, వాకిట నిలిచినవానికి పిడికెడు గింజలు, బిడ్డకు దిష్టి తీయుటకు పిడికెడు ఉప్పు. సంస్కృతమున ‘ముష్టి’ యనినను పిడికిలియే; ఆ మాట మన యిండ్లలో భిక్షకు పేరైనది. ఇట్లు కొలుచుటకును పెట్టుటకును మాత్రమే మేమెరిగిన పిడికిలిని కొట్టుటకు నేర్పించుమని మా పెద్దమ్మాయి అడిగిన దినమున మాకు నోట మాట రాలేదు.

మాది నిజామాబాదు జిల్లా ఆర్మూరు. నవనాథ సిద్ధేశ్వరుడు వెలసిన రాతిగుట్ట నీడనున్న ఊరు. మాఘ ఫాల్గుణములలో ఏ దారిని పోయినను పసుపు ఉడికించు వాసనయే. కల్లములలో ఆరబోసిన కొమ్ములతో నేల యంతయు పచ్చబడి యుండును. మా వారు బడిపంతులు. మేము బడిలో చదివినది కొలదియే. తాతగారి యొద్ద కూర్చుండి అమరమును, భారత భాగవతములను చదువుకొంటిమి. అందుచేత సంసారమున ఏ చిక్కు వచ్చినను ముందుగా పుస్తకములలో వెదకుట మాకు అలవాటు. ఈ చిక్కు నట్లే వెదకితిమి. ఆ వెదకులాటలో తెలిసినదానిని సోదరీమణులతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మా జిల్లా ముఖ్యపట్టణమైన నిజామాబాదున పుట్టిన నిఖత్ జరీన్ పేరు వినని యిల్లు ఇప్పుడు లేదు. 2022 మే 19వ తేదీన టర్కీ దేశపు ఇస్తాంబుల్ నగరమున ఆమె ప్రపంచ మహిళా బాక్సింగు పోటీలలో థాయిలాండు యువతి జుతామాస్‌ను 5-0గా గెలిచి, 52 కిలోల తరగతిలో స్వర్ణపతకము పొందినది. మన దేశమున ఆ గౌరవము నందిన స్త్రీలలో ఆమె అయిదవది. ఆ ఆటను మేమును చూచితిమి. పదేండ్ల మా అమ్మాయి మంచముపై నిలిచి తలగడను గ్రుద్దుచుండగా అందరము నవ్వుకొంటిమి. అది పిల్లచేష్ట యనుకొంటిమి.

అయితే అది మమ్ము అడిగినది ఆ దినమున కాదు. 2024 ఆగస్టు 1వ తేదీన పారిస్ ఒలింపిక్సులో నిఖత్ చైనా దేశపు వూ యూ చేతిలో ఓడిపోయినది. ఆనాడు మా పిల్ల తలగడ ముట్టలేదు, మాటాడలేదు. మరునాడు ఉదయమున మేము జడ వేయుచుండగా, “అమ్మా, నేను బాక్సింగు నేర్చుకుంట” అనినది. ఓడిపోయిన ఆట నీకెందుకే యంటిమి. “ఓడినా గానీ మల్ల పొద్దుగాల లేచి ఉరుకుతది గదమ్మా” అని బదులిచ్చినది. గెలుపును చూచి ముచ్చటపడు పిల్లను మరపింపవచ్చును. ఓటమిని చూచి నిశ్చయించుకొనిన పిల్లను ఏమి చెప్పి మరపింపవలెను?

పొరుగింటి వదినెగారు విని, “ముక్కు పలిగిన పిల్లను ఎవడు చేసుకుంటడు?” అనిరి. ఆమెపై నింద మోపుట న్యాయము కాదు. ఆ ప్రశ్న అప్పటికే మా లోపల కూర్చుండి యుండెను. ఆమె దానికి నోరిచ్చినది, అంతియే. మా వారు నవ్వి, చాణూర ముష్టికుల కథలు దానికి నూరిపోసినది మీ అమ్మయే గాన తీర్పును ఆమెయే చెప్పవలెనని తప్పించుకొనిరి.

కావున భాగవతము తెరచితిమి. కంసుని రంగస్థలమున కృష్ణునిపై చాణూరుడు, బలరామునిపై ముష్టికుడు తలపడిరి. ముష్టికుని పేరులోనే పిడికిలి యున్నది. పట్టును గ్రుద్దును కలిసిన మల్లయుద్ధ మది. ఎన్నియో మారులు చదివిన ఘట్టమే యైనను, ఈ మారు మా చూపు మల్లులపై నిలువలేదు. చూచుచున్న మధురాపుర స్త్రీలపై నిలిచినది. కొండలవంటి జెట్టీలెక్కడ, సుకుమారులైన బాలురెక్కడ, బలాబలములు చూడక ఇట్టి పోరు జరిపించు సభలో నుండుటయే అధర్మమని ఆ స్త్రీలు వాపోయిరి. రాజు పలుకలేదు; పెద్దలు పలుకలేదు; ఆడువారు పలికిరి. విరాటుని కొలువున భీముడు వలలుడై జీమూతమల్లుని కూల్చినప్పుడును, అంతఃపురమున సింహములతో పోరినప్పుడును స్త్రీలు చూచుటయే. ద్రౌపది ఆ చూపునకే కుమిలిపోయినది. మన కథలలో పోరు మగవానిది, భయము ఆడుదానిది.

మధుర స్త్రీల ఆక్షేపణకు ఉత్తర మున్నదా యని వెదకితిమి. ఉన్నది. నేటి బాక్సింగులో తూకము చూడనిదే బరిలోనికి పంపరు. 50 కిలోల పిల్ల 50 కిలోల పిల్లతోనే తలపడవలెను. 1867లో ఇంగ్లండున వెలువడిన క్వీన్స్‌బెరీ నియమములు చేతులకు మెత్తని తొడుగులను విధించినవి. మూడు నిమిషముల పోరు, నిమిషము విశ్రాంతి, పడినవాడు లేచుటకు పది సెకండ్లు అని కట్టడి చేసినవి. పట్టులు పట్టి పడద్రోయుటను నిషేధించినవి. నేడు ఔత్సాహికుల పోటీలలో అయిదుగురు న్యాయనిర్ణేతలు బరి చుట్టును కూర్చుండి లెక్క వేయుదురు. ఆడపిల్లలు తలకు కవచమును, పండ్లకు కాపును ధరింతురు. మధుర స్త్రీలు కోరిన ధర్మము కొంతకు కొంతయైనను శాసనమైనదని మాకు తోచినది.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మల్లవినోదమును వర్ణించినాడు. మైసూరు దసరా ఉత్సవములలో జెట్టీలు వజ్రముష్టి ధరించి పోరు ఆచారము నేటికిని కలదు. గ్రీసు దేశమున క్రీస్తునకు పూర్వము 688వ సంవత్సరముననే ఒలింపిక్సులో ముష్టియుద్ధము చేరినది. తోలు పట్టీలు చేతులకు చుట్టుకొని పోరెడివారు.

ఆ గ్రీసు దేశపు కథ యొకటి మా మనస్సున నాటుకొనినది. ఆ పోటీలను వివాహిత స్త్రీ చూడరాదు. చూచినచో కొండపై నుండి త్రోసివేయవలెనని శాసనము. కల్లిపతీర యను ఆమె ముష్టియోధుడగు డయగోరసు కూతురు. ఆమె మగవేషము వేసికొని, శిక్షకుని వలె తన కుమారుని వెంటబెట్టుకొని ఒలింపియాకు పోయినది. కుమారుడు గెలువగనే ఆనందము పట్టలేక, శిక్షకులు నిలుచు కంచెను దాటి దూకినది, వేషము బయటపడినది. తండ్రియు సోదరులును కుమారుడును విజేతలగుటచే ఆమెను శిక్షింపక విడిచిరని పాసానియస్ అను యాత్రికుడు వ్రాసినాడు. బిడ్డ పోరును చూచుటకు ఒక తల్లి ప్రాణమొడ్డినది. చూడవచ్చునని అనుమతి యున్నను మేము కన్నులు మూసికొనుచుంటిమి.

తరువాతి కాలమునను ద్వారము త్వరగా తెరువబడలేదు. ఆధునిక ఒలింపిక్సులో పురుషుల బాక్సింగు 1904లో చేరినది. స్త్రీలకు పతకము పెట్టినది 2012లో, లండనున. నడుమ 108 ఏండ్లు! ఆ 2012లోనే మణిపురమునకు చెందిన మేరీ కోమ్, బిడ్డల తల్లియై యుండియు, కాంస్యము తెచ్చినది.

నిఖత్ కథలో మమ్ము ఆలోచింపజేసినది పతకములు మాత్రము కాదు. తండ్రి మహమ్మద్ జమీల్ అహమ్మద్ ఆమెను మొదట పరుగు పందెముల కొరకు మైదానమునకు తీసికొనిపోయినాడు. బాక్సింగు బరిలో ఆడపిల్ల యొక్కతెయు లేకుండుట చూచి, కారణమేమని ఆమె తండ్రి నడిగినదట. నిజామాబాదున శంషముద్దీన్ అను శిక్షకుని యొద్ద తొలిపాఠములు నేర్చినది. ఆయన కుమారుడు హుసాముద్దీన్ 2018, 2022 కామన్‌వెల్తు క్రీడలలో కాంస్యములు గెలిచినాడు. ఆడపిల్లలు లేనందున మొదట మగపిల్లలతోడనే సాధన. ముఖము వాచి యింటికి వచ్చిన నాడు తల్లి కన్నీరు పెట్టినదనియు, పెండ్లి యెట్లగునో యని బెంగపడినదనియు పత్రికలలో చదివితిమి. ప్రపంచము మెచ్చిన బిడ్డ తల్లికి సైతము మా వదినెగారి ప్రశ్నయే వచ్చినదన్నమాట!

2011లో జూనియర్ల ప్రపంచ పోటీలలో స్వర్ణము. 2017లో భుజమునకు గాయము, పోటీలకు ఎడబాటు. 2019లో మేరీ కోమ్‌తో జరిగిన అర్హతపోటీలో ఓటమి. పిమ్మట 2022లో ఇస్తాంబుల్, అదే యేట బర్మింగ్‌హామ్ కామన్‌వెల్తు స్వర్ణము. 2023లో ఢిల్లీలో రెండవ ప్రపంచ స్వర్ణము. 2024లో పారిస్ పరాజయము, ఆ యేటనే తెలంగాణ పోలీసు శాఖలో డి.ఎస్.పి. ఉద్యోగము. ఈ వరుసను కాగితముపై వ్రాసి చూచుకొంటిమి. గెలుపుల నడుమ ఓటములును కనబడినవి. మా అమ్మాయి మాకంటె ముందు దీనిని చదివినది.

అయినను ముఖ సౌందర్యమును గూర్చిన భయము తగ్గిన పిమ్మట అసలు భయము మిగిలినది. ముక్కు విరిగిన అతుకును; తలకు తగిలిన దెబ్బ వేరు. ఈ విషయమున సోదరీమణులు మొగమాటపడరాదు. దెబ్బ తగిలిన పిమ్మట తలనొప్పి, వాంతి, తల తిరుగుట, మాట తడబడుట, మరపు కనబడినచో ఆట అప్పుడే ఆపవలెను. ఆలస్యము చేయక వైద్యునకు చూపవలెను. వైద్యుడు సరే యనువరకు తిరిగి బరిలో దిగరాదు. మేము అమ్మాయితో ఒక ఒప్పందము చేసికొంటిమి: మొదట ఉరుకుట, త్రాడాట, అడుగుల సాధన, సంచిని గ్రుద్దుట; ఎదుటి మనిషితో పోరు శిక్షకుడు తగునన్న పిమ్మటనే; తల నొప్పియున్నచో దాచరాదు; చదువు వెనుకబడరాదు. మూడవదానికి అది తటపటాయించి, మా చేతిలో చేయి వేసినది.

అప్పటి నుండి ఆదివారములందు మేము దానితో బస్సులో నిజామాబాదునకు పోయి బరి యోరన కూర్చుండుచున్నాము. కల్లిపతీర వలె మాకు మారువేషముతో పని లేదు. కొంగు సవరించుకొని కూర్చుండినను ఎవ్వరును అడ్డుచెప్పరు. మొదటి నెలలో దెబ్బ చప్పుడైనప్పుడెల్ల కన్నులు మూసికొనెడివారము. ఇప్పుడు పాదములను చూచుట నేర్చితిమి. ఈ ఆట పిడికిట లేదు, అడుగులో నున్నది. కొట్టుటకంటె తప్పుకొనుట కష్టము. కోపము వచ్చిన పిల్ల ముందుగా ఓడును. ఈ నీతి సంసారమునకును చెల్లునని మా వారితో ననగా ఆయన మాటాడక పత్రిక చదువుకొనిరి.

మొన్న అది తొలి పోటీలో దిగి ఓడినది. చెంప కందినది. తలనొప్పి కలదా యని దారిపొడవున అడుగుచునే వచ్చితిమి, లేదన్నది. ఇంటికి రాగానే ఏడ్చినది. ఏడ్చి రెండు జొన్నరొట్టెలు తిన్నది. వదినెగారు తమ కల్లములోని పసుపుకొమ్ము పట్టుకొని వచ్చి, మొట్టమొదట ముక్కు తడిమి చూచిరి. ముక్కు సరిగానే యున్నది. సానరాతిపై కొమ్ము అరగదీసి చెంపకు పట్టు వేయుచు, “కొట్టిన పిల్లది ఏ ఊరే?” అని యడిగిరి. కొంతసేపు ఊరకుండి, “మల్ల ఎప్పుడు పోటీ?” అనిరి.

ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. మానిపింపవలయునా యని పలుమారులు తలచితిమి. ఉదయము అదే మానుకొందు ననినచో అడ్డుచెప్పరాదనియు, సంతోషము పైకి కనబడనీయరాదనియు నిశ్చయించుకొంటిమి. తెల్లవారుజామున అయిదు గంటలకు వీధి తలుపు గడియ చప్పుడైనది. లేచి చూడగా, చెంపపై పసుపు పట్టుతోనే అది గుట్ట దారిని పరుగెత్తుచుండెను.