పెద్దవాగు ఒడ్డున కోనసీమ కష్టం

సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్‌లో దిగి ఊరు దాటితే పెద్దవాగు కనిపిస్తుంది. ఊరికి ఆ పేరు తెచ్చిన కాగితం మిల్లు వెలిసింది ఈ వాగు పక్కనే. అవతల నల్లరేగడి నేలల్లో పత్తి చేలు. 2022లో అందెవెల్లి వంతెన కూలిన చోట నిలబడితే వాగు పొంగు ఎంతటిదో అర్థమవుతుంది. గోదావరి డెల్టా వరి గురించి ఆలోచిస్తూ ఇక్కడికి రావడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా డెల్టా తిండిగింజల భవిష్యత్తులో పెద్ద భాగం ఈ ఎగువ వాగుల దగ్గరే తేలుతుందని నా నమ్మకం.

పెద్దవాగు ప్రాణహితలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ తుమ్మిడిహెట్టి దగ్గర కలిసి ప్రాణహిత అవుతాయి. అది కాళేశ్వరం వద్ద గోదావరిలో చేరుతుంది. దాని పరీవాహక ప్రాంతం సుమారు 1.09 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మొత్తం గోదావరి పరీవాహకంలో మూడో వంతు. 2022 జులైలో ఎగువన కురిసిన వానలకు భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, డెల్టాలోని కోనసీమ లంకలు మునిగాయి. నష్టం జరిగే తీరు కూడా రెండు చోట్లా ఒక్కటే. ప్రాణహిత నిండుగా ఉన్నప్పుడు వాగుల నీరు అందులోకి దిగలేక ఎగదన్ని ఒడ్డు చేలను ముంచుతుంది. డెల్టాలో సముద్రం పోటు మీద ఉంటే మురుగు డ్రైన్ల నీరు వెనక్కి తన్ని వరి చేలలో నిలుస్తుంది. ఇక్కడ పత్తి వేళ్లు కుళ్లితే అక్కడ సార్వా (ఖరీఫ్) నాట్లు కుళ్లుతాయి.

వరదలు ఎప్పుడూ ఉన్నవే, 1986లో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరలేదా అని కొందరంటారు. నిజమే, ఏ ఒక్క వరదనూ వాతావరణ మార్పు ఖాతాలో వేయలేం. లెక్కించాల్సింది ఒక్క వరదను కాదు, వానల తీరును. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య మూడు రెట్లు పెరిగాయని 2017లో వెలువడిన పరిశోధన తేల్చింది. ప్రాణహితకు నీరిచ్చేది ఆ మధ్య భారతమే. మరోవైపు ప్రపంచ సముద్రమట్టం 2006 నుంచి 2018 వరకు ఏడాదికి సగటున 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. పైనుంచి ఒక్కసారిగా వచ్చే నీరు పెరుగుతుంటే, కింద అది బయటపడే దారి బిగుసుకుంటోంది.

డెల్టాకు కాలువలున్నాయి, మంచి విత్తనాలున్నాయి, భయమెందుకనేది మరో వాదన. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరికి ముంపును తట్టుకునే గుణం చేర్చి 2009లో స్వర్ణ సబ్1 విడుదల చేశారు. అది సుమారు రెండు వారాల మునకను ఓర్చుకుంటుంది. ఇది గొప్ప మేలే. కానీ చేను పండాక, కోతకు ముందు వచ్చే ముంపుకు విత్తనం జవాబు చెప్పలేదు. కాలువలున్నా దాళ్వాకు (రబీకి) నీరు చాలక సీలేరు జలాశయాల వైపు చూడాల్సిన ఏళ్లున్నాయి. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక క్రాప్ హాలిడే ప్రకటించి వరి వేయడమే మానేశారు. డెల్టాకున్న అన్నపూర్ణ అనే పేరు పంటను కాపాడదు. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తుంటే డెల్టా నేల తనను తాను నింపుకునే బలం కూడా తగ్గుతోంది.

కనుక డెల్టా రక్షణను కరకట్టల దగ్గర ఆపేయకూడదు. వార్ధా నుంచి సముద్ర తీరాన ఉన్న అంతర్వేది దాకా వరద సమాచారం ఒకే గొలుసుగా పల్లెకు అందాలి. ఇక్కడి వాగుల్లో, అక్కడి డ్రైన్లలో పూడిక ప్రతి వేసవీ తీయాలి. ఇసుక మేటలు వేసిన చేనుకు, నీట మునిగిన మడికి నష్టపరిహారం ఒకే సూత్రంతో దక్కాలి. తెలంగాణ 2020లో ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి తప్పుకున్నప్పుడు ఈ ఒడ్డు రైతుకు ఆ ఆసరా పోయింది. రాష్ట్రాలు వేరైనా నది ఒక్కటే. పెద్దవాగు ఒడ్డు రైతును కాపాడలేని ప్రణాళిక కోనసీమ అన్నాన్నీ కాపాడలేదు.